పేరుపాలెం తీరాన చపాతీ సమరం

సకల చరాచర భక్ష్యాలనూ సమదృష్టితో దహించే జఠరాగ్నికి ముందుగా నమస్కరించి, క్రీస్తుశకం రెండువేల ఏడవ సంవత్సరం దసరా సెలవుల్లో, పశ్చిమగోదావరి దక్షిణ సీమాంతమున, లవణ మారుత సేవితమైన పేరుపాలెం సముద్రతీరాన, అద్దెకు తీసుకున్న రెండు గదుల డాబాలో జరిగిన మహాసంగ్రామాన్ని విన్నవిస్తున్నాను, ఆలకించండి. ఆకలితో ఉన్నవారు ముందు తినేసి రండి.

ఆ రణరంగ నాయకుడు తాడేపల్లిగూడెం మిషన్ బడి తెలుగు పండితుడు, ఛందోవ్యాకరణ ధురంధరుడు, నలభై ఏడు కిలోల మహాకాయుడు నిత్యానందం మాస్టారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ఆ వీరుడి పేగులకు జన్మశత్రువని ఏలూరు డాక్టరు కనిపెట్టి ఆరు నెలలైంది. అంతకు పూర్వం ముమ్మారు ఈ తీరానికి దండెత్తి, ముమ్మారూ దారిలో పూరీలు భుజించి, ఉత్తుంగ తరంగ మాలికా శోభితమైన బంగాళాఖాతాన్ని బాత్రూము కిటికీలోంచి మాత్రమే దర్శించిన అభాగ్యుడాయన. ఈసారి మోకాళ్ళదాకా సముద్రంలో దిగి తీరతానని భార్య పెర్సిస్ ఎదుట ప్రతిన పూనాడు. నవ్వకండి, పాపం. ఆయనకది నిజంగానే పెద్ద కోరిక.

అయితే విధి వదినగారి రూపంలో ఆకివీడు నుంచి వ్యానులో వచ్చి దిగింది. పెర్సిస్ అక్క రాజకుమారి, షుగరు పీడితుడై ఇంటి దగ్గరే ఉండిపోయిన భర్తను పన్నెండేళ్ళుగా చపాతీలతోనే నిలబెట్టిన పిండిమర్దన ప్రచండ బాహుబలశాలిని. మరిదికి ఒంట్లో బాగోలేదనీ, డాక్టరు పథ్యం పెట్టాడనీ మాత్రమే ఆవిడ చెవిన పడింది. వరిచేల నడుమ పుట్టిన ఆ సీమలో పథ్యమంటే అన్నం మానడం, జబ్బంటే చపాతీ, జ్వరమంటే బ్రెడ్డు. ఇందులో ఎవరికీ ఎప్పుడూ సందేహం రాలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు యుద్ధభేరికి బదులు గరిటె మోగింది. ఆరోగ్యవంతులందరి ముందూ పొగలు కక్కే అన్నం, కొల్లేటి కొరమేను పులుసు. మాస్టారి కంచంలో మాత్రం నాలుగు చపాతీలు, గుండ్రంగా, మెత్తగా, కపటంగా.

మాస్టారు లేచి నిలిచి, కండువా సవరించి, సింహగర్జన గావించాడు.

"వదినగారూ, మీ హస్తకౌశలము జగద్విదితము. కాని ఈ గోధుమ నా ఆంత్రకుహరమును ప్రవేశించెనేని, మూడు దినములు నేను శౌచాలయ చక్రవర్తినై ఏలవలసి వచ్చును. ఆ సింహాసనము నాకు వలదు. ఒక్క గరిటెడు అన్నము ప్రసాదింపుడు."

"ఒంట్లో బాగోలేనోళ్ళకి అన్నం ఎలా పెడతానండీ, మరిదిగారూ?" అంది రాజకుమారి నెమ్మదిగా. "పోనీ ఉప్మా చేస్తానండి. అది బొంబాయి రవ్వండి, గోధుమ కాదు."

"అదీ గోధుమేనక్కా," అంది పెర్సిస్.

"మరి బ్రెడ్డో?"

"అదీ అంతే."

ఆవిడ అస్త్రాలన్నీ అయిపోయాయి. చివరికి, తనకే తెలియకుండా, బ్రహ్మాస్త్రం తీసింది. "నిన్న చెయ్యి నొప్పని మా ఆయనకి కూడా చెయ్యలేదండి. మీకోసమని నాలుగింటికే లేచానండి," అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

వీరుడు చలించాడు. ఆరు నెలల నిగ్రహం కరిగిపోగా, కూర్చుని, చపాతీ ముక్క తుంచి నోటిదాకా తెచ్చాడు. పెర్సిస్ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏవండీ, అది తింటే మళ్ళీ కిటికీయేనండి." అక్కవైపు తిరిగింది. "మూడుసార్లు వచ్చారక్కా. ఇప్పటిదాకా కాలు తడవలేదు. ఈ ఒక్కసారి దిగనీ."

రాజకుమారి ఆ నాలుగు చపాతీలూ తన కంచంలో వేసుకుని, మరిది కంచం నిండా అన్నం పెట్టి, దానిమీద చెయ్యి చాచి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ అన్నం వల్ల మా మరిదిగారికి ఏ కీడూ రాకుండా కాపాడు," అని విషం పెడుతున్నదానిలా ప్రార్థించింది. పులుసు చల్లారిపోయేదాకా ఆమెన్ రాలేదు. వచ్చాక మాస్టారు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

జయము, జయము! లోకానికి బియ్యం పెట్టే గోదావరి డెల్టాలో ఒక మనిషి పట్టపగలు, పదిమంది ఎదుట, పోరాడి అన్నం తిన్నాడు. సాయంత్రం నాలుగింటికి కడుపులో ఏ అలజడీ లేక, పంచె ఎగ్గట్టి కడలిలోకి నడిచాడు. ఈ ఘడియ కోసం ఆయన రచించుకున్న మూడు సీసపద్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"పెర్సీ, చల్లగా ఉందే," అన్నాడు.

"లోతుకెళ్ళకండి మరిదిగారూ, నీరసంగా ఉన్నారు," అని ఒడ్డునుంచి రాజకుమారి కేకేసింది. అలలు ఎగసి వచ్చి, ఆ ధీరుడి మోకాళ్ళకు సరిగ్గా రెండంగుళాల కింద ఓటమి ఒప్పుకున్నాయి.