ఓబులేసు మాటకు మూలం

హిందూపురం అవతల కొరియావాళ్ల కుక్కర్ల ఫ్యాక్టరీలో ఓబులేసు రెండేళ్లుగా ఒక ఇంగ్లీషు విశేషణానికి అర్థంగా పనిచేస్తున్నాడు.

అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కొరియా నుంచి వచ్చిన ఆఫీసర్లు ఇంగ్లీషు నేర్చుకోవాలి. పుస్తకంలో చదివితే బుర్రకెక్కడం లేదని మాటకొక మనిషిని వేశారు. ‘లేజీ’కి వేసినవాడు క్లాసుకే రాలేదు, వాడికి మంచి పేరొచ్చింది. ఓబులేసుకు ‘డోసైల్’ పడింది. చెప్పినట్టు వినేవాడని అర్థం. రోజూ పదింటికి పదహారు మంది ముందు నిలబడతాడు. వాళ్లు అతని వంగిన మెడ చూసి, ఆ మాటను మూడుసార్లు పలికి రాసుకుంటారు.

అర్థం వరకు ఓబులేసుకు పేచీ లేదు. ఈ ఏడాది ఆ మాట ఎక్కడ పుట్టిందో, మూలం కూడా కావాలన్నారు. మూలం ఇంట్లోనే దొరికితే మాటను వంశానికి రాసేస్తారు. పదో తరగతి చదివే కూతురు గిరిజ, రేపు చదువయ్యాక అదే చోట నిలబడాలి. విచారణకొచ్చిన అధికారి ఎదుట ఇంట్లో ఎవరైనా ఒక్కసారి ‘కాదు’ అంటే చాలు, ఫైలు మూసేస్తారు. ఓబులేసు వారం రోజులు ఆ మాట సాధన చేశాడు. గోడ ముందు బాగానే వచ్చింది.

ఆదివారం విచారణకు ఆఫీసరు చోయ్ గారు దుబాసీ మస్తాన్‌తో వచ్చి, బూట్లు బయట విప్పి, చాప మీద కూర్చున్నారు.

“ఓబులేసన్నా, లాటిన్‌లో ఈ మాటకు ‘నేర్పితే నేర్చుకునేవాడు’ అని ఉందంట,” అన్నాడు మస్తాన్. “నీకెవరు నేర్పినారని అడుగుతాండాడు సారు.”

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు.

“సారు ఎట్ల రాసుకుంటే అట్లే సామీ.”

చోయ్ గారు పెన్ను పట్టుకుని ఆగారు. సోమవారం ఆయనకు పరీక్ష. తప్పితే ఆయన్నీ ఏదో ఒక మాటకు వేస్తారు.

మూల నుంచి గిరిజ లేచింది.

“మా నాయన అట్లాటోడు కా...”

ఓబులేసు చేయి తనంతట తానే లేచి కూతురి మెడ మీద పడింది.

“పెద్దోళ్లు మాట్లాడుతాంటే నడాన నీకేం పాపా. తల దించు.”

గిరిజ తల దించింది.

మస్తాన్ తర్జుమా చేయబోయాడు. అక్కర్లేదని చోయ్ గారు చేయి ఊపి, మూలం అన్న గడిలో ‘ఇంట్లోనే’ అని రాసుకున్నారు. వచ్చిన పని అయింది.

ఆయన చూపించిన చోట ఓబులేసు సంతకం పెట్టి, కూతుర్ని కాఫీ పెట్టమన్నాడు. గిరిజ ఎప్పుడూ రెండుసార్లు చెప్పించుకునే పిల్ల. ఆ రోజు ఒక్కసారికే లేచి వెళ్లింది.