అజ్ఞాత స్త్రీ, బిళ్ల నంబరు 117

1959లో మా బడికి ఒక ఉత్తర్వు వచ్చింది. చాందాలో కొత్తగా తెరిచిన చిత్రశాలను బాలబాలికలు దర్శించాలి, దర్శించినవారికి రసానుభూతి కలగాలి, కలిగినట్టు మూడు ప్రతుల్లో నివేదిక పంపాలి. చంద్రపూర్‌ను అప్పట్లో చాందా అనేవారు. ఊళ్ల పేర్లు, జిల్లాల హద్దులు, రాష్ట్రాల పటాలు అన్నీ తారుమారవుతున్న రోజులు కనుక, రసానుభూతి ఒక్కటైనా వేళకు జరిగిపోవాలని పైవారి పట్టుదల.

మా బడి సాస్తి బొగ్గుబావి దగ్గర ఉంది. మూడేళ్లలో అది ఒక రాష్ట్రాన్నీ, రెండు జిల్లాలనూ మార్చింది. నైజాం రాజ్యంలో కట్టిన పునాది మాత్రం జానెడైనా కదల్లేదు. ఆ బడికి నేను తెలుగు పంతులును, తాత్కాలికం. పిల్లలకు నీళ్లు మోసి, చిన్నవాళ్ల ముక్కులు తుడిచే ఆయమ్మ ఆగమ్మ కూడా తాత్కాలికమే. మా ఇద్దరి పనులు ఖాయం కావాలంటే రహివాసీ దాఖలా కావాలి. పదేళ్లుగా ఈ నేల మీదే బతుకుతున్నామని సర్కారు ఒప్పుకునే కాగితం అది.

ఆగమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ బావి మీదే బొగ్గు తట్టలు మోసింది. అయితే బావి పాత హాజరు పుస్తకాలు రాష్ట్రాల మధ్య ఫైళ్ల పంపకంలో ఎటో పోయాయి. ఏ రాష్ట్రం వాటాకు పోయాయో రెండు రాష్ట్రాలకూ తెలియదు. తాలూకా కచేరీ గుమాస్తా ఆమెను ఒకటే ప్రశ్న అడిగాడు, ఈ రాష్ట్రానికి ఎప్పుడు వచ్చావని.

"నేను యాడికీ రాలె సారూ. నేను ఆడ్నే ఉన్న. మీ రాష్ట్రమే నా కాడికి వచ్చింది" అంది ఆగమ్మ.

"ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వలేదు" అని గుమాస్తా రాసుకున్నాడు. నెలాఖరులోగా రుజువు తేకపోతే పని నుంచి తీసేస్తామన్నాడు. ఆమె కొడుకు, కోడలు లేరు. మూడో తరగతి చదివే మనవరాలు రుక్మిణి ఉంది. ఇద్దరి అన్నం ఆ నీళ్ల బిందె మీదే ఉండేది.

రసానుభూతికి నేను వారం రోజులు రిహార్సలు చేయించాను. చేతులు వెనక్కి కట్టుకోవాలి. బొమ్మ వైపు చూసి మనసులో మూడు లెక్కపెట్టాలి. తర్వాత "ఛాన్" అనాలి. ఛాన్ అంటే మరాఠీలో బాగుందని. అనుభూతి తెలుగులో కలిగినా పైకి మరాఠీలోనే చెప్పాలని నేనే ముందుచూపుతో నిర్ణయించాను. బడిలో బొమ్మలు లేవు కాబట్టి పిల్లలు తలుపును, కుండను, నన్ను చూసి సాధన చేశారు.

ఆ రోజు ముప్పైయొక్క మంది పిల్లలు, ఆగమ్మ, నేను బొగ్గు లారీ ఎక్కాం. తెల్ల చొక్కాలతో ఎక్కి నల్ల చొక్కాలతో దిగాం. చిత్రశాల అధికారి మమ్మల్ని గుమ్మంలోనే దులిపించి లోపలికి రానిచ్చారు. చాలా మర్యాదస్తులు.

మొదటి గదిలో పిల్లలు అద్భుతంగా రాణించారు. రాజుగారి తైలవర్ణ చిత్రం ముందు ముప్పైయొక్క "ఛాన్"లు, నెమలి ముందు ముప్పైయొక్క "ఛాన్"లు పడ్డాయి. మూలన మంటలార్పే ఇసుక బకెట్ వేలాడుతుంటే దాని ముందూ ఆగి, మూడు లెక్కపెట్టి, "ఛాన్" అన్నారు. అధికారి బకెట్ వైపు కొత్తగా చూశారు. మరుసటి నెలలో దానికీ ఒక చీటీ అంటించారని విన్నాను. చిత్రశాలకు వెళ్లి అర్థమైనట్టు తలాడించిన మీకు ఇందులో వింతేమీ కనిపించదు.

రెండో గదిలో నిలువెత్తు బొమ్మ ఒకటి ఉంది. తట్ట నెత్తిన పెట్టుకున్న స్త్రీ, మెడలో తాడు, తాడుకు బావివాళ్లు కూలీలకు ఇచ్చే ఇత్తడి హాజరు బిళ్ల, బిళ్ల మీద 117 అంకె. కింద చిత్రకారుడి సంతకం, 1948. చీటీ మీద "శ్రమలక్ష్మి. మన రాష్ట్ర ఆణిముత్యం. స్త్రీ ఎవరో తెలియదు" అని ఉంది. చీటీ అంచున పాత చీటీ తొంగిచూస్తోంది. దాని మీద "హైదరాబాదు రాజ్యపు కూలి" అని ఉంది. హద్దు మారిన నాడే బొమ్మకు రాష్ట్రం దానంతటదే మారింది. గుమాస్తా బొమ్మను ఎప్పుడు వచ్చావని అడగలేదు.

పిల్లలు మూడు లెక్కపెట్టారు. ముప్పై "ఛాన్"లే వినిపించాయి.

"బాపమ్మా, గిది నువ్వే కద!" అని అరిచింది రుక్మిణి.

ఆగమ్మ ముందుకొచ్చి చూసింది. "అవ్ బిడ్డా. గా బొమ్మల సారు నన్ను మూడొద్దులు ఎండల నిలవెట్టిండు. మెడ గూడ తిప్పనియ్యలె" అని, నా వైపు తిరిగి, "సారూ, గీ బొమ్మ నాకు దాఖలా అయితది గద? గీసిన ఏడు గూడ రాసి ఉన్నట్టుంది" అంది. ఆమె ముఖంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు.

నేను అధికారికి విన్నవించాను. ఆయన రిజిస్టరు తెప్పించి, తిరగేసి, గొంతు సవరించుకుని మరాఠీలో చిన్న ఉపన్యాసం ఇచ్చారు. దాని తాత్పర్యం ఇది: "ఈ స్త్రీ ఎవరో తెలియదని రిజిస్టరులో నమోదైంది. కనుక ఆమె ఎవరో తెలిసే అవకాశం లేదు. పైగా శ్రమలక్ష్మి ముఖంలో మన రాష్ట్ర ఆత్మ ఉట్టిపడుతోంది. ఈ ఆడమనిషి ముఖంలో ముడతలు తప్ప నాకేమీ కనిపించడం లేదు."

అప్పుడు రుక్మిణి, ఉత్తర్వును ఉల్లంఘించి, చేతులు ముందుకు తెచ్చింది. మెడలోని నల్లతాడు పైకి లాగింది. దిష్టి తగలకుండా బాపమ్మ కట్టిన ఇత్తడి బిళ్ల బయటికొచ్చింది. తెలుగు అక్షరాలకు తడబడే మా పిల్లలు అంకెల దగ్గర తడబడరు. "నూట పదిహేడు!" అని గది దద్దరిల్లేలా చదివారు.

అధికారి బిళ్లను అరచేతిలో పెట్టుకున్నారు. బొమ్మను చూశారు, బిళ్లను చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. "శ్రమలక్ష్మి ధరించిన అసలు బిళ్ల! ఇది జాతి సంపద. పిల్లల మెళ్లో ఉండవలసినది కాదు" అన్నారు. అక్కడికక్కడే గాజుపెట్టె తెప్పించి బిళ్లను అందులో పెట్టించి తాళం వేశారు. రశీదు కూడా ఇచ్చారు. "అజ్ఞాత స్త్రీ నుండి ఒక ఇత్తడి బిళ్ల స్వచ్ఛందంగా స్వీకరించడమైనది." ఆగమ్మ పేరు రాయమంటే, రాస్తే రిజిస్టరు తప్పవుతుందన్నారు.

సాక్షిగా నన్ను సంతకం చేయమన్నారు. తాత్కాలిక పంతులును, ఎదుట ఉన్నది ఖాయం అధికారి. పెట్టాను.

తాలూకా గుమాస్తా రశీదు చూసి, ఇందులో నీ పేరేది, బిళ్ల పట్టుకురా అన్నాడు. చిత్రశాలవారు ప్రదర్శన వస్తువులు గుమ్మం దాటవన్నారు. ఒక ఆదివారం గుమాస్తా తన పిల్లలతో చిత్రశాలకు వెళ్లాడు, బొమ్మనూ బిళ్లనూ తృప్తిగా చూశాడు, సందర్శకుల పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాశాడు. అయితే ఆదివారం చూసినవి కచేరీకి తెలిసినట్టు కాదు.

నెలాఖరు వచ్చింది, ఆగమ్మ పని పోయింది. ఇప్పుడు కాంట్రాక్టరు కింద అదే బావి మీద తట్ట మోస్తోంది. అక్కడ దాఖలా అడగరు. బిళ్ల కూడా ఇవ్వరు.

నా నివేదిక మూడు ప్రతుల్లో వెళ్లింది. "పిల్లలు ముప్పైయొక్కరు. రసానుభూతి కలిగినవారు ముప్పైయొక్కరు. అవాంఛనీయ సంఘటనలు లేవు." చిత్రశాల అధికారి నా సహకారాన్ని మెచ్చుకుంటూ పైకి రాసిన ఉత్తరం బాగా పనిచేసింది. నా దాఖలా వచ్చింది, ఉద్యోగం ఖాయమైంది.

మరుసటి ఏడు రాష్ట్రానికి మళ్లీ కొత్త పేరు వచ్చింది. శ్రమలక్ష్మికి కొత్త చీటీ వచ్చింది. మాకు మళ్లీ ఉత్తర్వు వచ్చింది. పిల్లలు రెండో గదిలో వరుసగా నిలబడి "ఛాన్" అన్నారు. రుక్మిణి ఒక్కతే నోరు విప్పలేదు. ఆమె మెడలో ఉత్త నల్లతాడే ఉంది. ఊఁ, కానివ్వు, అని నేను కళ్లతో సైగ చేశాను.

రుక్మిణి చేతులు వెనక్కి కట్టుకుంది. బొమ్మ వైపు కాదు, నా వైపు తిరిగింది. నేను నేర్పినట్టే మూడు లెక్కపెట్టేంత సేపు నన్ను చూసింది. "ఛాన్" అంది.