నార్త్ డకోటా ఒక్క ఓటు

ఆ ఉదయం ఎల్విన్ టోఫ్టె పెట్టుకున్నది ఒకే ఒక్క పని. సాయంత్రం దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ మహాసభలో రాష్ట్రాలవారీగా ఓట్లు చెప్పేటప్పుడు తన ఓటు రూత్ ఆమ్‌డాల్‌కి వేయాలి. ఆవిడ పోటీలోంచి తప్పుకుని, తనవాళ్లని ఇష్టమొచ్చినవాళ్లకి వేసుకొమ్మని వదిలేసి నెలలైంది. అయినా జనవరి మంచుతుఫానులో వాళ్ల ఊరొచ్చిన అభ్యర్థి ఆవిడొక్కతే. చర్చి నేలమాళిగలో అందరితో కూర్చుని బంగాళాదుంపలతో బేక్ చేసిన హాట్‌డిష్ మారు వడ్డించుకుని మరీ తింది. "ఆవిడ పేరు ఆ హాల్లో ఒక్కసారి వినిపించి రా" అని ఊరు ఎల్విన్‌ని ప్రతినిధిగా పంపింది.

హోటల్లో ఫలహారాల దగ్గర ఈ సంగతి రాష్ట్ర బృందం నాయకురాలు లోర్నా బెర్గన్‌కి చెప్పాడు. ఆమె పాన్‌కేక్ మీద సిరప్ పోసుకుంటూ నవ్వేసింది.

"వేసుకోండి ఎల్విన్ గారూ! గవర్నర్ పెల్హమ్ ఎప్పుడో గెలిచేసినట్టే. మీ ఒక్క ఓటుకి ఆకాశం ఊడిపడుతుందా?"

మాట నిజమే. నిజమని తెలుసు కాబట్టే అతని మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నానికి లోర్నాకి ఆశ పుట్టింది. అభ్యర్థిని గెలుపుకి కావలసిన ఓట్ల గీత దాటించిన రాష్ట్రం మీదికే కెమెరాలు తిరుగుతాయి, హాలు పైకప్పులోంచి వాళ్ల మీదికే బెలూన్లు రాలతాయి. ఆ ఘనత తమకే దక్కాలని, ముందు పిలిచే రాష్ట్రాలవాళ్ల గడ్డాలు పట్టుకుని, వాళ్ల వంతు రాగానే "మేం తర్వాత చెప్తాం" అనేలా ఒప్పించింది. లెక్క సరిగ్గా కుదిరింది. మరీ సరిగ్గా కుదిరింది. గీత దాటాలంటే నార్త్ డకోటా ఓట్లన్నీ కావాలి, ఎల్విన్‌ది కూడా.

ఇక చూడండి మర్యాదలు! అడక్కుండానే కాఫీ వచ్చింది. గవర్నర్‌తో ఫోటో అన్నారు. అతను దేనికీ మెత్తబడకపోయేసరికి లోర్నా, "పొద్దుటి ఫలహారం తర్వాత ఏమీ తినలేదు మీరు, బయట కొట్లోంచి ప్రెట్జెల్ రొట్టె తెచ్చుకోండి" అంది. మనిషి కుర్చీలో లేకపోతే, అతనికి బదులుగా ఉంచిన ప్రతినిధి కెర్మిట్ ఆ ఓటు వేస్తాడు. పాపం, ఎల్విన్‌కి ఆ ఎత్తు తట్టలేదు. ఎంత మంచి పిల్లో అనుకున్నాడు. మోకాళ్లు సహకరించక కెర్మిట్‌నే పంపేశాడు.

"నార్త్ డకోటా!" అని పిలుపొచ్చింది.

మైకు పట్టుకున్న లోర్నా పక్కకి చూస్తే, గోధుమకంకుల టోపీతో ఎల్విన్ కూర్చునే ఉన్నాడు. ఆమె మైకుని అరచేత్తో మూసింది.

"బాబ్బాబు, ఎల్విన్ గారూ! మన పరువంతా మీ ఒక్క ఓటు మీద ఉంది."

"పొద్దున్న దానికి విలువే లేదన్నావు కదమ్మా?"

"పొద్దున్న లెక్క వేరు!"

"ఓటు అదే తల్లీ." అందరి ముందూ ఆమెని చిన్నబుచ్చడం అతనికీ బాధగానే ఉంది. కానీ ఊళ్లో చర్చి నేలమాళిగలో టీవీ ముందు కూర్చున్న మొహాలు కళ్లలో మెదిలాయి. "రూత్ ఆమ్‌డాల్‌కే."

లోర్నా ఎత్తులు వేసే మనిషే గానీ ఓట్లు తప్పు చెప్పే మనిషి కాదు. పైకప్పులోని బెలూన్లకేసి ఒకసారి చూసుకుని మైకు మీంచి చెయ్యి తీసింది.

"గోధుమలకీ గడ్డకట్టే చలికీ పేరుపడ్డ మా నార్త్ డకోటా... ఒక్క ఓటు రూత్ ఆమ్‌డాల్‌కి. మిగతావన్నీ గవర్నర్ పెల్హమ్‌కి!"

ఒక్కటంటే ఒక్కటి తక్కువ! హాలంతా గొల్లుమంది. "ఎవరీ ఆమ్‌డాల్?" అంటూ కెమెరాలన్నీ గోధుమకంకుల టోపీ మీద వాలాయి. ఎల్విన్ తడబడుతూనే మంచుతుఫాను గురించీ, హాట్‌డిష్ గురించీ దేశమంతటికీ చెప్పుకొచ్చాడు. ఆ పేరు ఒక్కసారి వినిపిస్తే చాలనుకున్నవాడు ఎన్నిసార్లు పలికాడో అతనికే తెలియదు.

కెర్మిట్ తెచ్చిన ప్రెట్జెల్లో సగం విరిచి ఎల్విన్ లోర్నాకిచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుని, తింటూ అతని టోపీ సరిచేసింది.

తర్వాతి పిలుపు ఒహాయోది. ఆకాశం బెలూన్లై వాళ్ల మీద ఊడిపడింది.