లాన్ మీద గుంటుక

ఆ రోజు సద్దుల బతుకమ్మ, పండుగ చివరి రోజు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రెండు రోజులైంది. స్టేషన్ ఘన్‌పూర్‌కు కూతవేటు దూరంలోని ఆ ఊళ్లో ఉద్యోగస్తులంతా చౌరస్తాలోని దీక్షా శిబిరంలో ఉన్నారు. హన్మంత్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. కాకపోతే తన ఇంటి వరండాలో, పడక్కుర్చీలో, పేపరు చేతబట్టుకుని ఉన్నాడు. మోకాళ్ల నొప్పులని చెప్పి శిబిరానికి వారానికొక్కసారి, అదీ ఫొటో తీసే పూటే వెళ్లివచ్చేవాడు.

ఆ ఇంటి పరువు కాస్తో కూస్తో నిలబెడుతున్నది ఆయన భార్య ఊర్మిళ. ఆమె పొద్దున శిబిరానికి వెళ్తే దీపాలవేళకే తిరిగి రావడం. ఈసారి సద్దులకు చౌరస్తాలో తొమ్మిదడుగుల బతుకమ్మను నిలబెడతానని నలుగురిలో, మైకు ముందు మాటిచ్చింది. తొమ్మిదడుగులంటే మాటలా? బండెడు గునుగు పువ్వు కావాలి. పత్తి చేలకు గడ్డిమందు కొట్టడం మరిగినప్పటి నుంచి చుట్టుపక్కల గునుగన్నది మందుకైనా దొరకడం లేదు. ఉన్నదల్లా ఒక్క చోట, హన్మంత్ ఇంటి ముందు లాన్‌లో.

ఆ లాన్‌కూ ఒక చరిత్ర ఉంది. హైదరాబాద్‌లో పై ఆఫీసరు ఇంటి ముందు పచ్చగడ్డి చూసి ముచ్చటపడి, నాలుగేళ్ల కింద పావెకరంలో కార్పెట్ గడ్డి వేయించాడు హన్మంత్. గడ్డి కోసే మిషన్ మొదటి వానాకాలానికే తుప్పు పట్టింది. ఈ ఏడు ఆ గడ్డి నిండా గునుగు మొలిచింది. ఊర్మిళ దాన్ని ఎవరినీ పీకనివ్వలేదు, మేకలను గేటు దాటనివ్వలేదు. నడుమెత్తు పెరిగి తెల్లగా పూసింది. అదంతా సద్దుల కోసమని ఊరందరికీ తెలుసు. హన్మంత్‌కూ ఆమె నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఆయన పేపరు వెనక నుంచి "ఊఁ" అన్నాడు.

ఆ పొద్దు గడప దాటుతూ ఐదోసారి చెప్పింది.

"ఇంటున్నవా? నేను శిబిరం కాడికి పోతున్న. పగటీలికి ఆడోళ్లందరు మనింటికొస్తరు. లాన్ల పువ్వు పైలం."

"ఊఁ."

ఆమె వెళ్లిన పావుగంటకు ఆయన బుర్రలోకి ఒక్క సంగతే దిగింది: ఆడవాళ్లందరూ వస్తారు. ఆయన తలెత్తి లాన్ వైపు చూశాడు. అడవిలా ఉంది. నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చునే చోటా ఇది? ఇరవై రెండు రోజులుగా భార్య ఎండలో కూర్చుంటుంటే తాను నీడన కూర్చున్నానన్న సిగ్గు ఆయనకూ లోలోపల గుచ్చుకుంటూనే ఉంది. ఇవ్వాళైనా ఆమె మెచ్చే పని ఒకటి చేద్దామని కుర్చీలోంచి లేచాడు. ఆయన అలా పనికి లేచిన రోజులు ఆ ఇంట్లో ఇప్పటికీ తారీఖులతో సహా గుర్తుంటాయి.

కొట్టంలో తండ్రి కొన్న ట్రాక్టర్ ఉంది. ఊరికి మొట్టమొదట వచ్చిన ట్రాక్టర్ అదే. నలభై ఏళ్లు నిండాయి. సెల్ఫ్ లేదు, హారన్ లేదు, బ్రేకు ఉన్నదీ లేనిదీ పైవాడికే తెలియాలి. దిగుడులో తోస్తే స్టార్టవుతుంది, సీటు కింది తీగ లాగితే ఆగుతుంది. తండా నుంచి బర్రెలకు మేత వేయడానికి వచ్చిన సేవ్యాను కేకేసి, ట్రాక్టర్ వెనక గుంటుక తగిలించమన్నాడు. గుంటుకంటే చేలో కలుపును వేరుకాడ కోసే ఇనుప పట్టీ.

సేవ్యా గుంటుక వైపు చూశాడు, లాన్ వైపు చూశాడు.

"పటేలా, అమ్మకొక మాట జెప్పినంక..."

"మీ అమ్మకు జెప్తే ఇంకేముంటది? ఆమె వచ్చేసరికి అద్దం లెక్క జేద్దాం. తగిలియ్యి."

"అది గాదు పటేలా, గా గునుగు..."

"గునుగే గదరా, బంగారమా? తొయ్యి!"

సేవ్యా తోశాడు. రెండు మాటలు చెప్పాడు, మూడోది చెప్పడం తన పని కాదనుకున్నాడు.

ట్రాక్టర్ నల్లటి పొగ కక్కి లేచింది. హన్మంత్ తువ్వాల తలకు చుట్టి లాన్‌లోకి దిగాడు. మొదటి సాలుకే గునుగు వరసగా ఒరిగిపోయింది. రెండో సాలుకు దాంతో పాటు కార్పెట్ గడ్డి కూడా మట్టితో సహా చాపలా చుట్టుకుపోయింది. అరగంటలో పావెకరమూ గుండు గీసినట్టయింది. హన్మంత్‌కు చిన్నతనంలో తండ్రి పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. చాలా రోజుల తర్వాత తాను పనికొచ్చే మనిషిననిపించింది.

అప్పుడే సేవ్యా భార్య కమ్లీ గంప, కొడవలి పట్టుకుని గేటులోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"పటేలా, పువ్వేది? అమ్మ కోసుకరమ్మన్నది. తొమ్మిదడుగుల బతుకమ్మకు."

ఐదుసార్ల "ఊఁ"లూ ఒక్కసారిగా హన్మంత్ చెవుల్లో మోగాయి. గబగబా గుంటుక పైకెత్తి, ఆపుదామని సీటు కింది తీగ లాగాడు. తీగ ఊడి చేతికొచ్చింది. బ్రేకు తొక్కాడు. అది నేలకు తగిలింది గానీ ట్రాక్టర్ ఆగలేదు. కమ్లీ గంప వదిలేసి పక్కకు దూకింది. ట్రాక్టర్ గేటులోంచి బయటపడి, చౌరస్తా దిగుడు పట్టుకుంది.

చౌరస్తాలో జేఏసీ కన్వీనర్ వెంకన్న సారు మైకు పట్టుకుని, "ఇంట్ల కూసున్నోళ్లు సుత బయటికి రావాలె!" అని గొంతు చించుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే హన్మంత్ ట్రాక్టర్ మీద, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ దిగాడు.

"జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అరుస్తున్నాడు.

ఇంజిన్ మోతలో మాటెవరికీ వినబడలేదు. పైకెత్తిన చెయ్యి మాత్రం కనబడింది.

"జై తెలంగాణ!" అని శిబిరమంతా లేచి నిలబడింది.

దీక్షలో ఉన్నవాళ్లు కూడా స్వాగతం చెప్పడానికి రోడ్డు మీదికి ఉరికారు. అదీ మంచికే అయింది. గుంటుక కొసకు టెంటు తాడు తగిలి, టెంటు మొత్తం ట్రాక్టర్ వెంట బయలుదేరింది. జనం కూడా టెంటు వెంట బయలుదేరారు. హన్మంతన్న ర్యాలీ తీసిండని డప్పులు అందుకున్నారు. వంతెన పక్కన పోసిన ఇసుక కుప్పలో ముక్కు దూర్చి, రెండుసార్లు దగ్గి, ఆ ర్యాలీ ఆగింది.

ఆయన దిగేలోపు మెడలో దండ పడింది. వెంకన్న సారు మైకు చేతికిచ్చాడు. ఎదురుగా బతుకమ్మ పళ్లేలు పట్టుకుని ఆడవాళ్లు, వాళ్ల ముందు ఊర్మిళ. ఆమె గుంటుకకు వేలాడుతున్న మట్టి పట్టిన నాలుగు గునుగు కంకులను చూసింది. తర్వాత మొగుణ్ని చూసింది. భూమి చీలితే అందులోకి దిగిపోదామనుకున్నాడు హన్మంత్.

"నేను ఉద్యమానికేం జెయ్యలే," అన్నాడు మైకులో. "మోకాళ్ల నొప్పులని అబద్ధమాడిన. ఇంట్ల కూసున్న. ఇయ్యాల నా భార్య ఇచ్చిన మాట సుత నేనే మట్టిల గలిపిన."

"ఇన్నరా!" అని వెంకన్న సారు అందుకున్నాడు. "ఇంత జేసి సుత ఏం జెయ్యలేదంటుండు! పెద్దమనిషంటే గిట్లుండాలె!"

చప్పట్లు మోగాయి. హన్మంత్ ఎంత నిజం చెబితే అంత గట్టిగా మోగాయి. తిట్టినా ఇంత సిగ్గనిపించేది కాదు. అయిదు నిమిషాలకు మైకు కింద పెట్టి, దండ తీసి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి నడిచాడు.

వెళ్లేసరికి, ఆయన మైకు దగ్గరుండగానే ఇంటికి వచ్చేసిన ఊర్మిళ, ఇంకో పది మంది ఆడవాళ్లు కమ్లీతో పాటు మట్టిలో కూర్చుని, చక్రాల కింద నలగని కంకులను ఏరుతున్నారు. ఆయన కూడా వెళ్లి పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు నిజంగానే నొప్పెట్టాయి.

"తప్పయింది ఊర్మిళా."

"ఆ కట్ట ఇటియ్యి," అందామె. కంకుల మీది మట్టి దులుపుతూ.

కడిగి, రంగులద్ది, పేర్చేసరికి సాయంత్రమైంది. చౌరస్తాలో నిలబెట్టిన బతుకమ్మ మూడడుగులు. ఊర్లో అందరికన్నా పెద్దదైన వెంకటనర్సమ్మ అవ్వ కర్రపోటుతో వచ్చి, ఎగాదిగా చూసింది.

"ఏందే ఊర్మిళా, తొమ్మిదడుగులంటివి. నా నడుముకన్న రాకపాయె."

హన్మంత్ తల దించుకుని, నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఊర్మిళ ముందే అందుకుంది.

"తొమ్మిదడుగులేనే అవ్వా. పైనున్న ఆరడుగులు మా ఆయన పొద్దుగాలనే ర్యాలీల ఊరేగించిండు."

అందరూ పగలబడి నవ్వారు. హన్మంత్ కూడా నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వుకేనని చెప్పుకోవడానికి వీలుగా. మర్నాటి నుంచి శిబిరంలో మొదటి వరసలో, ఎండ పడే వైపు కూర్చున్నాడు.

మళ్లీ వానాకాలం వచ్చింది. కార్పెట్ గడ్డి ఒక్క పోచ కూడా మొలవలేదు. కానీ గుంటుక దున్నిన నేలలో, ఆ రోజు రాలిన గింజలన్నీ లేచి పావెకరమంతా వెలితి లేకుండా గునుగే పూసింది. చూసినవాళ్లంతా ఈసారి పన్నెండడుగులు పేర్చొచ్చన్నారు. సద్దుల నాటి పొద్దున ఊర్మిళ పువ్వు సంగతి మొగుడికి చెప్పలేదు. ట్రాక్టర్ స్టీరింగును ఊడదీయించి, బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగుకు ముడేసుకుని వెళ్లింది.