గోడ మింగిన తీగలు

టీ గ్లాసులు ఇంకా బల్లమీద ఉండగానే ఇల్లాలు తీర్పు చెప్పేసింది.

"సాయంత్రం మీ చెల్లెలు వస్తోంది. ఇవాళ పొద్దుగూకేలోపల ఆ గదిలో ఒక్క తీగ నా కంటపడిందా, మీ సినిమా సరంజామా అంతా హాల్లోకి, నా కుట్టు మిషను ఆ గదిలోకి."

"కంటపడకపోతే?"

"మళ్ళీ ఆ గది ఊసెత్తను."

ఇంటాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆ గది ఆయనకు ప్రాణం. పెద్ద తెర, ఐదు స్పీకర్లు, వాటిని మోగించే ఆంప్లిఫయరు, మెత్తటి సోఫా, కిటికీలకు వెలుతురునీ చప్పుడునీ కూడా ఆపేసే మందపాటి పరదాలు. లోకంలో ఆయన మాట వినేది ఆ గదిలోని రిమోటొక్కటే. లోపమల్లా తీగలే. అవి నేలంతా పాకి, ఊడ్చేటప్పుడు చీపురుకీ, నడిచేటప్పుడు కాలికీ చుట్టుకుంటున్నాయి. కుట్టు మిషను మాత్రం పడకగది తలుపు వెనక ఇరుక్కుని ఉంది. తలుపు తీసినప్పుడల్లా దాని చక్రం ఒకసారి తిరిగేది.

రెండు తీగలు తివాచీ కిందకి పోయాయి. ఒకటి పరదా వెనక, ఇంకొకటి గోడ అంచు చెక్కపట్టీ వెనక నక్కాయి. ఒక్కొక్కటి అయ్యాక ఇంటాయన నేలమీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తోందేమోనని చూశాడు. ఎక్కడా లేదు. తన పనితనానికి తనకే ముచ్చటేసింది.

చిక్కంతా ఐదో తీగతోనే. సినిమాలో వాన, పాట, అడుగుల చప్పుడు ఏ మూల నుంచైనా వస్తాయి గానీ మాటలు మాత్రం తెర కింద ఉన్న నడిమి స్పీకరులోంచే రావాలి. ఆంప్లిఫయరు నుంచి దానికి వెళ్ళే తీగకు దారిలో తలుపు అడ్డం. గోడకు అవతల అమ్మ గది. ఎప్పుడో ఏసీ గొట్టం కోసం కొట్టిన కన్నం ఒకటి ఆ గోడకు ఉంది. తీగను దానిలోంచి అటు దూర్చి, అమ్మ బీరువా వెనకగా నడిపి, తెర దగ్గర ఇంకో కన్నం కొట్టి మళ్ళీ ఇటు లాగేద్దామనుకున్నాడు. కొసను బీరువా పక్కన వేలాడేసి, డ్రిల్లు అరువు తెచ్చుకోవడానికి స్నేహితుడింటికి బయల్దేరాడు. అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే పని తానే చేస్తానంటుందని భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆయన తండ్రి బతికున్నన్నాళ్ళూ మైక్ సెట్ షాపు నడిపాడు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ తీగలు చుట్టిందీ విప్పిందీ ఈ అమ్మే, అంటే ఇల్లాలి అత్తగారే. ఆ షాపులో ఒకటే నియమం: తీగ కొస గాలికి వేలాడకూడదు, దేనికో ఒకదానికి కట్టి ఉండాలి. పోయిన భర్త గుర్తుగా మిగిలిన లౌడ్‌స్పీకరు గొట్టం ఆవిడ గది బాల్కనీలో, వీధివైపు నోరు తెరుచుకుని ఉంది. రోజూ తుడుస్తుంది.

బీరువా పక్కన వేలాడుతున్న కొస అత్తగారి కంటపడింది. ఆవిడ నిట్టూర్చి, కొడుక్కి తండ్రి బుద్ధులు ఒక్కటీ రాలేదనుకుని, తీగను బాల్కనీదాకా లాక్కెళ్ళి, అందులోని రెండు పోగుల కొసలూ గొట్టానికి బిగించి కట్టింది. చేతులు దులుపుకుని పడుకుంది.

ఇంటాయన ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. స్నేహితుడు డ్రిల్లును ఇంకెవరికో అరువిచ్చేశాడు. అమ్మ గది తలుపు వేసి ఉంది. ఇల్లాలు అప్పటికే సినిమా గది మధ్యలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. నడిమి స్పీకరు సంగతి రేపు చూసుకోవచ్చనుకున్నాడు.

"ఏవీ తీగలు?" అన్నాడు, గెలిచినవాడి గొంతుతో.

ఆవిడ తివాచీ అంచులు చూసింది. పరదాలు చూసింది. చెక్కపట్టీ పొడుగునా వేలితో రాసింది.

"కనబళ్ళేదు సరే. మోగుతుందా?"

ఆయన ఒక కుటుంబ కథా చిత్రం పెట్టాడు. వాన నాలుగు మూలల నుంచీ కురిసింది. తెరమీద ఒక కోడలు కళ్ళలో నీళ్ళతో భర్త ముందు నిలబడింది.

"పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదేం?" అంది ఇల్లాలు.

"మనసులో మాట్లాడుకుంటోంది."

"మనసులో మాటకి చేతులెందుకు తిప్పుతోంది?"

ఆయన రిమోటు తీసి శబ్దం పెంచాడు. వాన కాస్తా తుఫానయింది. ఇంకొంచెం పెంచాడు.

సరిగ్గా అప్పుడు బాల్కనీలోని గొట్టం వీధి వీధంతటికీ వినిపించేలా అరిచింది: "పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఈ ఇంట్లో నాదంటూ ఒక్క మూల ఉందా?"

గొట్టంలోంచి వచ్చేసరికి ఏ ఆడగొంతైనా ఒక్కలాగే ఉంటుంది. ఎదురింటి పిన్నిగారు మొక్కలకు నీళ్ళు పోయడం ఆపేసింది. పైవాటా వకీలుగారు పేపరు మడిచారు.

"ఉన్నదాంతో సర్దుకో" అంది మగగొంతు.

"సర్దుకోను. మీ చెల్లెలు ఈ గడప తొక్కితే నేనీ ఇంట్లో ఉండను."

"సరే, చూద్దాం."

అప్పుడే టాక్సీ దిగిన ఆడపడుచు పెట్టె చేత్తో పట్టుకుని గేటు ముందే కొయ్యబారిపోయింది.

గదిలో ఆంప్లిఫయరుకు ఓపిక అయిపోయి, ఎర్ర దీపం వెలిగించుకుని మూగబోయింది. అదే సమయానికి కాలింగ్ బెల్లు మోగింది. ఇల్లాలు తలుపు తీసింది. పిన్నిగారు ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావటే అమ్మాయ్. ఒక్క మూల కూడా లేదా నీకు?"

ఇల్లాలికి ఏమీ అర్థం కాలేదు. అయినా అడిగినదానికి అబద్ధం చెప్పడమెందుకని, "కుట్టు మిషను తలుపు వెనకే ఉందండీ" అంది.

"చూశారా, కేసులో పసుంది" అన్నారు వెనకే దిగొచ్చిన వకీలుగారు.

ఆడపడుచు లోపలికి రాలేదు. "నేను వెళ్ళిపోతానన్నయ్యా. నా మూలాన వదిన ఇల్లు వదిలిపెట్టక్కర్లేదు."

"ఎవరన్నారే ఆ మాట?"

"వదినే. వీధంతా విన్నది. అది కాదు నా బాధ. 'నా చెల్లెలు, నా ఇష్టం' అని ఒక్క మాట అనలేకపోయావు. 'సరే, చూద్దాం' అన్నావు."

ఇంటాయన నెత్తీనోరూ బాదుకున్నాడు. అది సినిమా అన్నాడు. దొరికిపోయిన మొగుళ్ళందరూ అదే అంటారన్నారు వకీలుగారు. సినిమా అయితే గదిలో ఉండాలి గానీ వీధిలో పనేమిటన్నారు. మళ్ళీ పెట్టి చూపిద్దామంటే ఆంప్లిఫయరు పలకదు. అందరూ అత్తగారి గదిలోకి నడిచారు. ఆవిడ కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది.

"ఎవర్రా ఆపింది? మీ నాన్న కాపురంలో పట్టినట్టు హాయిగా నిద్రపట్టింది ఇన్నాళ్ళకి."

"అమ్మా, ఈ తీగ గొట్టానికి కట్టిందెవరు?"

"నేనే. కొస అలా వదిలేస్తారట్రా? ముడి చూడు, ఎంత గట్టిగా ఉందో."

"తల్లి సాక్ష్యం చెల్లదు" అన్నారు వకీలుగారు. "ఈ తీగ గోడలోకి పోయింది, బాగానే ఉంది. అటు దేనికి తగిలించి ఉంది? ఆ గదిలో నాకు ఒక్క తీగా కనబళ్ళేదే."

"అసలు తీగలే లేవండీ" అంది ఇల్లాలు నెమ్మదిగా. ఆవిడకు అప్పటికి సంగతంతా తెలిసిపోయింది. "నేను పట్టీ పట్టీ వేలితో రాసి చూశాను. ఆ గదిలో ఒక్క తీగ లేదు. అవసరమైతే రాసిస్తాను."

ఆడపడుచు పెట్టె పైకెత్తింది. ఇంటాయన చెల్లెల్ని చూశాడు, భార్యను చూశాడు. భార్య పైకప్పును చూస్తోంది.

ఆయన అమ్మను అక్కడే ఉంచి, మిగతావాళ్ళతో సినిమా గదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పొద్దున్నుంచీ తాను ముద్దుగా పరిచిన తివాచీని ఒక్క గుంజు గుంజాడు. చెక్కపట్టీ పీకాడు. పరదా కొక్కేలు ఊడదీశాడు. ఆంప్లిఫయరును బయటికి లాగి, ఐదు తీగలనూ పిడికిట పట్టి, నడిమి దాన్ని వకీలుగారి చేతికిచ్చి గోడదాకా నడిపించాడు. అవతలి గదిలో అత్తగారు లాగింది. ఇవతల వకీలుగారి చెయ్యి కదిలింది. కేసు కొట్టేశారు.

ఆడపడుచు పెట్టె దించి, వదిన భుజం మీద తలవాల్చి కడుపుబ్బ నవ్వింది. నవ్వుతూనే, ఇంత ఇల్లు పెట్టుకుని మిషను తలుపు వెనకెందుకు పెట్టావని అడిగింది. ఇల్లాలు టేపు తెచ్చి, కిటికీ పక్క గోడను కొలవడం మొదలుపెట్టింది.

"ఇంకా పొద్దుగూకలేదండీ" అంది, భర్త వైపు తిరగకుండానే.

మర్నాడు పిన్నిగారు గేటు దగ్గర ఆవిణ్ణి ఆపింది. "సగంలో ఆగిపోయింది కదమ్మాయ్, ఇంతకీ ఆ సినిమాలో కోడలు చివరికి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందా?"

"లేదు పిన్నిగారూ. ఒక గది తీసుకుని ఉండిపోయింది."