వైకుంఠ రథంలో పైపు రెంచి

ఆ పొద్దున రామలింగం వేసుకున్న పథకం అరచేతిలో పట్టేంత చిన్నది. ఏడింటికి తెనాలిలో ఇడ్లీ తిని వ్యానెక్కాలి. చుండూరు మీదుగా మధ్యాహ్నానికి బాపట్ల చేరాలి. అక్కణ్ణుంచి కర్లపాలెం, నగరం దాటుకుని చీకటిపడేలోపు రేపల్లెలో దిగాలి. దారిపొడుగునా మైకులో నాలుగు ముక్కలు చెప్పి హుండీ చాపాలి. హుండీ నిండితే మలావీ దేశంలో, ఏ బడిలో వేలాడే పటంలోనూ కనపడని చిసాంబె అనే ఊళ్ళో, నూట ఇరవై అడుగుల దగ్గర ఆగిపోయిన బోరు పూర్తవుతుంది. ఆ ఊరి ఆడవాళ్ళు బిందెడు నీళ్ళ కోసం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరరు.

ఆ బోరు మొదలుపెట్టింది సంజీవరావు. రామలింగానికి ముప్ఫయ్యేళ్ళ భాగస్వామి. తెనాలిలో పంపుసెట్ల రిపేరు షాపు పెట్టి, ఇద్దరూ కలిసి చుట్టుపక్కల బోరు వెయ్యని ఊరు లేదు. సంజీవరావు ఊరూరా బోరు కొట్టినవాడే గాని ఒక్కపూట కూడా ఎవరికీ బోరు కొట్టించినవాడు కాదు. చిసాంబెకు నీళ్ళివ్వాలని ఓ సంస్థవాళ్ళు పిలిస్తే ఇద్దరూ కలిసే వెళ్ళాల్సింది. పాస్‌పోర్టులు కూడా వచ్చాయి. కానీ రామలింగానికి విమానం అన్నమాట వింటేనే ఒళ్ళంతా చెమట. "ఈసారికి నువ్వెళ్ళరా, రెండో బోరుకి నేనొస్తా" అన్నాడు.

మొదటి బోరులో నీళ్ళు పడ్డాయి. రెండోది సగంలో ఉండగా సంజీవరావుకు మలేరియా తగిలింది. ఆస్పత్రికి వెళ్ళే దారి వానలకు తెగిపోయింది. నాలుగో రోజున పోయాడు. ఆ ఊరివాళ్ళు ఆగిన బోరు పక్కనే అతన్ని పూడ్చిపెట్టి, బట్టలూ పైపు రెంచీ మూటగట్టి పంపారు. రెంచి తెనాలి షాపుకొచ్చింది. బట్టలు రేపల్లెలో అతని భార్య కనకరత్నానికి వెళ్ళాయి. ఏడాదయింది. మనిషిని చూడందే ఎట్లా నమ్మేదంటూ ఆమె ఇప్పటికీ భర్త సిమ్ముకు నెలనెలా రీచార్జి వేయిస్తూనే ఉంది. రామలింగం ఆమె గడప తొక్కలేదు. బోరు పూర్తయిందన్న కబురు పట్టుకుని తొక్కుదామనుకున్నాడు.

పథకానికి మొదటి తూటు వ్యాను దగ్గర పడింది. అది ముహూర్తాల వారం. ఊళ్ళో ఉన్న వ్యాన్లన్నీ పెళ్ళిళ్ళకు తరలిపోయాయి. పెళ్ళికి తరలనిది ఒకే ఒక్క బండి, అంత్యక్రియల సేవా సంఘం వారి వైకుంఠ రథం. సంఘం అధ్యక్షుడు బసవేశ్వరరావు ధర్మాత్ముడు, అడిగీ అడగంగానే ఊరికే ఇచ్చేశాడు. "రథం రథమేనయ్యా, పేరు కనపడకుండా బ్యానరు కట్టుకో" అన్నాడు. రామలింగం సంబరపడిపోయాడు. రథం ముందు రావడమూ అనర్థం వెనక రావడమూ మామూలే అని ఆ క్షణాన అతనికి తట్టలేదు.

బ్యానరు మీద పైన సంజీవరావు నవ్వుతున్న ఫొటో, కింద 'సంజీవరావు మొదలుపెట్టిన బోరు మనం పూర్తి చేద్దాం' అనే అక్షరాలు. పోయినవాడి ఫొటో బోసిగా ఉండకూడదని రామలింగమే ఓ బంతిపూల దండ వేశాడు. బండి లోపలి అద్దాల పెట్టెలో, జనానికి చూపించడానికి పనికొస్తుందని, తెల్లగుడ్డలో చుట్టిన పైపు రెంచిని పడుకోబెట్టాడు. ఖాళీ హుండీ మోగదు గదా, షాపులో ఉన్న చిల్లరంతా అందులో పోశాడు. ముందు మనం గల్లుమంటేనే ఎదుటివాడి జేబు ఝల్లుమంటుందని అతని సిద్ధాంతం.

డ్రైవరు శాలేమురాజు ఇరవయ్యేళ్ళుగా ఆ బండి నడుపుతున్నవాడు. అతను తాళం తిప్పగానే బండి నెత్తిమీది మైకు "గోవిందా... గోవిందా..." అని అందుకుంది.

"ఏంటది, ఆపవయ్యా."

"ఆగదు సార్. ఇంజనుకి కలిపేశారు. ఇంజనాపితే ఆగుద్ది."

"పోనీ కాస్త స్పీడుగా పోనియ్."

"ఇరవై దాటి ఎరగదు సార్ ఈ కాలు. లోపలున్నాయనకి కుదుపు తగలకూడదు."

లోపలున్నది ఇనప రెంచి అని గుర్తు చేసినా ఆ కాలు వినలేదు. రామలింగం చేతి మైకులో చిసాంబె గురించి చెబుతుంటే గోవిందనామం దాన్ని మింగేస్తూ వచ్చింది. చుండూరు దగ్గర ఎదురొచ్చిన ధాన్యం లారీ గాలికి బ్యానరు అడ్డంగా చిరిగి, కింది సగం కాలవలో పడింది. అక్షరాలన్నీ నీళ్ళపాలు. ఇక బండికి మిగిలింది నవ్వుతున్న సంజీవరావు, అతని మెడలో దండ, వెనక గోవింద.

చుండూరు సెంటర్లో సంజీవరావు మొహం ఎరగనివాళ్ళు లేరు. చనిపోయాడని తెలిసినవాళ్ళూ లేరు. టీ కొట్టతను స్టవ్ ఆర్పేసి బయటికొచ్చాడు. కూరగాయలమ్మే ఆవిడ బుట్ట దించి దణ్ణం పెట్టింది. రామలింగం హుండీ చాపితే ఓ పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ బండి నుంచి ఏదీ పుచ్చుకోకూడదు, దానికి ఏదీ ఇవ్వకూడదు, అది ఊరి మర్యాద. చందాల చందం అలా ఉంటే, బండి దాటిన ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్ళు బకెట్టెడు నీళ్ళు కుమ్మరించి వాకిలి కడుక్కున్నారు. నీళ్ళ కోసం బయల్దేరిన యాత్రకు వెనకాల ఊరు ఊరంతా నీళ్ళు పారబోసింది.

ఇదంతా గట్టు మీద నుంచి గమనించినవాడు వెంకట్రామయ్య. డెబ్బయ్యేళ్ళ రైతు. ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా పాడె కట్టే దగ్గర్నుంచి పన్నెండో రోజు గారెల దాకా చెప్పవలసింది ఆయనే. సంజీవరావు వేసిన బోరు మీదే ఆయన రెండో పంట పండుతుంది. బండిలో ఉన్నది ఒక్క రామలింగమేనని చూసి ఆయన మనసు చివుక్కుమంది.

"ఏంటయ్యా రామలింగం, అంతటి మనిషిని ఒంటరిగా సాగనంపుతున్నావా?"

"అది కాదు బాబాయ్, ఇది చందాల బండి..."

"గొంతు పూడుకుపోయింది పాపం. నువ్వేం మాట్లాడకు. నేనున్నాగా" అంటూ ఆయన ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఎక్కీ ఎక్కగానే రామలింగం ఒడిలో హుండీ కనపడింది. లోపల చిల్లర గలగలలాడింది. ఆయన మొహంలో తృప్తి కనిపించింది. దారిలో మరమరాల బస్తా కొనిపించి, హుండీ మూత తీసి, గుప్పెడు మరమరాలు, గుప్పెడు చిల్లర, గోవిందా అంటూ రోడ్డు మీద చల్లడం మొదలుపెట్టాడు. రామలింగం చెయ్యి పట్టుకోబోతే, "దుఃఖంలో ఉన్నావు, కూర్చో" అని విదిలించేశాడు. డెల్టా చరిత్రలో ఊరూరా తిరిగి సొంత డబ్బు వెదజల్లిన చందాల బండి అదొక్కటే. బాపట్ల చేరేసరికి హుండీ ఉండీ లేనట్టే అయింది.

బాపట్లలో బండి వెనక పాతిక మోటారు సైకిళ్ళు చేరాయి. కర్లపాలెంలో రెండు ట్రాక్టర్లు కలిశాయి. ఒకాయన తన పొలంలో బోరు పడ్డ రోజు సంజీవరావు బురదలో దొర్లి నవ్విన సంగతి చెబుతూ కన్నీళ్ళు తుడుచుకున్నాడు. మరొకాయన, పిల్ల పెళ్ళని తెలిసి తనదగ్గర కూలి తీసుకోకుండా వెళ్ళాడన్నాడు. ముప్ఫయ్యేళ్ళు పక్కన ఉన్నా రామలింగానికి ఆ సంగతి తెలియదు. ఇది శవయాత్ర కాదు మొర్రో అని చెప్పడానికి అతను మూడుసార్లు లేచాడు. మూడుసార్లూ ఎవరో ఒకరు వచ్చి కావిలించుకుని ఏడ్చారు. నాలుగోసారి అతను లేవలేదు. ఏడాదిగా ఎక్కడ ఏడవాలో తెలియనివాడికి ఇంతమంది భుజాలు ఒక్కసారిగా దొరికాయి.

పేరులో తప్ప ఎక్కడా నగరం లేని నగరం అనే ఊళ్ళో అసలు కబురు తెలిసింది. వెంకట్రామయ్య ఫోన్ చెవి నుంచి దించి చెప్పాడు.

"కనకరత్నమ్మకి మనవాళ్ళెవరో ఫోన్ చేశారంట. మీ ఆయన్ని తీసుకొస్తున్నారమ్మా అని. రేపల్లె పొలిమేరలో నిలబడుందంట పాపం, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదంట."

బండి వెనక్కి తిప్పమని రామలింగం శాలేమురాజు భుజం పట్టుకు ఊపాడు.

"ఇది వెనక్కి తిరగదు సార్" అన్నాడు శాలేమురాజు. "వెళ్ళాల్సినచోటికి వెళ్ళాకే తిరుగుద్ది."

ఇరవై స్పీడులో కూడా రేపల్లె తొందరగా వచ్చేసింది. పొలిమేరలో, రోడ్డు పక్కన, ఇస్త్రీ చీర కట్టుకుని కనకరత్నం నిలబడి ఉంది. ఆమె వెనక బిందెలతో నలుగురు ఆడవాళ్ళు. ఆమె ఏడవడం లేదు. బస్సు కోసం చూస్తున్నట్టు చూస్తోంది. వెంకట్రామయ్య చెయ్యెత్తి బండి ఆపించాడు. శాలేమురాజు ఇంజనాపాడు. పొద్దున్నుంచి మొదటిసారి గోవింద ఆగింది.

"దింపుడు కళ్ళం ఇక్కడే" అన్నాడు వెంకట్రామయ్య. శ్మశానానికి వెళ్ళే దారిలో మనిషిని ఒకసారి కిందికి దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని పెద్దల ఆశ. "పెట్టె తెరువు రామలింగం. పిలవాల్సింది నువ్వే."

రామలింగం పెట్టె తెరిచాడు. తెల్లగుడ్డ విప్పాడు. మూరెడు పొడుగు పైపు రెంచి, దాని పిడి మీద మేకుతో గీసిన 'సం' అనే అక్షరం. వంద మంది దాని వంక చూశారు.

"మనిషేడయ్యా?" అన్నాడు వెంకట్రామయ్య.

రామలింగం చెప్పాడు. మైకు లేకుండానే అందరికీ వినపడింది. మనిషి ఏడాది కిందటే మలావీలో మట్టిలో కలిశాడనీ, పక్కన సగం బోరు ఉందనీ, దానికి చందాలు అడగడానికే బయల్దేరాననీ, అడిగిన నోరు ఎవరికీ వినపడలేదనీ చెప్పాడు. చివరికి కనకరత్నం వైపు తిరిగి, "నిన్ను మోసం చెయ్యాలని కాదమ్మా" అన్నాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. రెండింటికీ సిద్ధపడి తల వంచాడు.

ఆమె వచ్చి రెంచి పక్కన కూర్చుంది. పిడి మీద, చెయ్యి పట్టీ పట్టీ నునుపు తేలినచోట, వేలితో నిమిరింది.

"పిలవండి అన్నయ్యా. ఇంతమందొచ్చారు."

"సంజీవా" అన్నాడు రామలింగం. "ఒరే సంజీవా" అన్నాడు. మూడోసారికి కనకరత్నం వంక చూశాడు. అప్పుడు కనకరత్నం వంగి, పాతికేళ్ళ కాపురంలో 'ఏవండీ' అని తప్ప ఎన్నడూ పేరెత్తని మనిషి, "సంజీవరావూ" అని పిలిచింది.

అలవాటు కొద్దీ వెంకట్రామయ్య మెల్లిగా అడిగాడు.

"పలికాడామ్మా?"

"పిలిస్తే ఎప్పుడు పలికారు గనక బాబాయ్" అంది కనకరత్నం. అప్పుడు ఏడ్చింది.

వెనకనున్న ఆడవాళ్ళు ఆనవాయితీ ప్రకారం బిందెలు వంచబోయారు. ఆమె ఏడుస్తూనే చెయ్యి అడ్డం పెట్టింది. "పారబొయ్యొద్దు. నీళ్ళు పారబోస్తే ఆయనకి నచ్చదు."

జనం కదల్లేదు. ఇంతదూరం వచ్చి ఏం చెయ్యాలో, ఎలా వెనక్కెళ్ళాలో తెలియలేదు. శాస్త్రం తెలిసిన వెంకట్రామయ్యే దారి చూపించాడు. సగం శవయాత్ర చేసి ఇళ్ళకు పోవడం అరిష్టమన్నాడు. పూడ్చిన మనిషికి తలా మూడు గుప్పెళ్ళ మట్టి వెయ్యాలి, ఆ మట్టి మలావీలో ఉంది, అక్కడికి మనం పోలేం, మన గుప్పెడైనా పోవాలన్నాడు. మొదటి గుప్పెడు తనే, బొడ్లోంచి డబ్బు తీసి, తను ఖాళీ చేసిన హుండీలో వేశాడు. పొద్దున్నుంచి ఆ హుండీని చూసి జంకినవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. మూడుసార్లు వెయ్యాలి గనక ఎవరూ ఒక్కసారితో సరిపెట్టలేదు. ఇంజనాపి ఉన్నా ఎవరో గోవిందా అన్నారు.

అంతా అయ్యాక కనకరత్నం రెంచిని రెండు చేతులతో ఎత్తి రామలింగానికి అందించింది.

"ఆఖరిసారి ఫోన్లో చెప్పారు అన్నయ్యా. రెండో బోరుకి మా రామలింగం వస్తానన్నాడు, ఆ పని అవగానే ఇద్దరం కలిసొచ్చేస్తాం అని."

రామలింగం రెంచి అందుకున్నాడు. అది పొద్దున కంటే బరువుగా ఉంది.

ఆ నెల ఆమె రీచార్జి వేయించలేదు. వానలు రాకముందే బోరు పూర్తవ్వాలని చిసాంబెకు టికెట్టు తీశారు. ఒక్క టికెట్టే. బయల్దేరే రోజు తెల్లారి శాలేమురాజు షాపు ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, మొహమాటంగా నిలబడ్డాడు.

"సార్, బండి ఖాళీగానే ఉంది. ఎయిర్‌పోర్టు దాకా దింపమంటారా?"

రామలింగం బస్సెక్కాడు.