ఫోన్ పూడ్చిన పంటి సందు

ముఖం దేవుడిస్తాడని నమ్మే రోజులు పోయాయి. దేవుడిచ్చేది చిత్తుప్రతి. దాన్ని సాపు చేసేది ఫోన్. ఫొటోకి నునుపు దిద్దే ఆ ఫిల్టర్‌ని పదిమందీ తిట్టిపోస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఏం పాపం చేసిందని? అందంగా పుట్టినవాళ్ళు ఇన్నాళ్ళూ అప్పనంగా అనుభవించిన మర్యాదని అందరికీ పంచిపెట్టడమేనా దాని నేరం?

మా మేనేజరు వీడియో మీటింగుల్లో పాతికేళ్ళ కుర్రాడిలా మెరిసిపోతుంటాడు. తిట్లు మాత్రం యాభై ఏళ్ళ అనుభవంతో వస్తాయి. అయితేనేం, అంత అందగాడు తిడుతుంటే పడ్డానికి కూడా హాయిగా ఉంటుంది. మా పిన్ని తన ముసలి కుక్కకి కూడా ఫిల్టర్ వేసింది. అప్పట్నుంచీ దాని నడకే మారిందంటుంది.

అందం కొరుక్కు తింటామా అన్నారు పెద్దలు. అన్నవాళ్ళంతా పెళ్ళయినవాళ్ళే. వాళ్ళని ఒక్క వారం డేటింగ్ యాప్‌లో ఉండి చూడమనండి. బొటనవేలితో పక్కకి ఒక్క తోపు తోస్తే మనిషి పోతాడు. వాడి చదువు, ఓపిక, వాళ్ళమ్మకి కాళ్ళు నొక్కే గుణం, అన్నీ ఆ తోపుతోనే పోతాయి.

సాక్ష్యం కావాలంటే మా మేనల్లుడున్నాడు. ఇంట్లో వాడి ముద్దుపేరు ఈల. ముందు పళ్ళు రెండింటి మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు. "సరే" అన్నాడంటే అందులోంచి సన్నగా ఈల వినిపిస్తుంది. పని చేసేది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో. డాక్టర్లు పంపిన నోటి అచ్చులు చూసి, ఊళ్ళో బోసినోళ్ళన్నిటికీ పళ్ళు చేసి పెడతాడు. తను మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు.

యాప్‌లో వాడి ఫొటోని ఎవరూ కన్నెత్తి చూడలేదు. విసిగిపోయి ఫిల్టర్ వేశాడు. ఫోన్ చెంపలు కాస్త నునుపు చేసింది, అడక్కుండానే పంటి సందు పూడ్చేసింది. ఆ సాయంత్రమే లైబ్రరీలో పనిచేసే ఒకమ్మాయి పలకరించింది. చూశారా మహిమ!

తర్వాత నెలల తరబడి ఫోన్లో మాటలు. వీడియోలో కనిపించాల్సి వస్తే అక్కడా ఫిల్టర్ తోడు. మావాడు పీకల్లోతు మునిగాక, "ఒకసారి కలుద్దామండీ" అందామె.  తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"మామయ్యా, ఈమె పోతే నాకింకెవరూ వద్దు. నన్ను చూస్తే కచ్చితంగా పోతుంది."

"ఫొటో అబద్ధమని ఎందుకనుకుంటావురా? నీ ముఖమే ఇంకా ఫొటో దాకా ఎదగలేదనుకో," అన్నాను.

ఆ మాట వాడికి మంత్రంలా పనిచేసింది. మర్నాడు ల్యాబులో తన నోటికి తనే అచ్చు తీసుకున్నాడు. ముందు పళ్ళ మీద కూర్చునేలా పలచటి తొడుగు చేశాడు. ఫోన్లో ఫొటో పక్కన పెట్టుకుని, అలాగే వచ్చేదాకా అరగదీశాడు. మనిషిని చూసి బొమ్మ గీయడం పాత పద్ధతి. బొమ్మని చూసి మనిషిని గీస్తేనే కదా ప్రగతి!

కాఫీ షాపులోకి వస్తూనే ఆమె వాణ్ణి గుర్తుపట్టింది. అంతవరకూ బ్రహ్మాండం. కానీ తొడుగుకి నాలుక తగిలి మాట మొద్దుబారింది. కొరికితే ఊడుతుందని బిస్కెట్టు ముట్టలేదు. ఫోన్లో గంటలకొద్దీ వాగేవాడు "ఊ", "ఆహా"లతో సరిపెట్టాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. చివరికి ఆమె, "కాస్త పనుందండీ, వెళ్తాను," అని లేచి వెళ్ళిపోయింది.

అంతా అయిపోయిందనుకున్నాడు మావాడు. తొడుగు పీకి చేతిరుమాల్లో చుట్టాడు. ఏడుపొచ్చింది. ఏడుపు గొంతుతోనే ఆమెకి ఫోన్ చేశాడు.

"క్షమించండి, సరిగ్గా మాట్లాడలేకపోయాను." సందులోంచి ఈల వినిపించింది.

"అమ్మయ్య, మీరేనా? మీ బదులు ఎవర్నో పంపారేంటండీ? అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉన్నాడు. అలా ఎవరుంటారు? అప్పుడే అనుమానమొచ్చింది. పైగా ఈల కూడా లేదు."

"ఈల... మీకు వినపడేదా?"

"అది వినడానికేగా మీతో 'సరే' అనిపించే ప్రశ్నలు అడిగేది."

మావాడు బయటికి పరుగెత్తాడు. ఆమె బస్టాపులో ఉంది. ఎదురుగా నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నోరంతా తెరిచి నవ్వాడు. "ఇందాక వచ్చింది నేనేనండీ," అని రుమాలు విప్పి తొడుగు చూపించాడు. ఆమెకి కోపమొచ్చింది. రాదూ మరి? కాసేపటికి తనే చల్లబడింది.

"మిమ్మల్ని అని ఏం లాభం, నేనూ అదే చేశాను. బుగ్గ మీద ఇంత మచ్చ ఉందిగా, ఫోన్లో చెరిపేసేదాన్ని. ఏమంటారో చూద్దామని ఇవాళ ఉన్నదున్నట్టు వచ్చాను. గంటసేపు ఎదురుగా కూర్చుని దానివంక ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చినవాడెవరో గానీ ఎంత సంస్కారమో అనుకున్నాను."

"ఏ మచ్చ?" అన్నాడు మావాడు.

ఆమె కళ్ళు చెమర్చాయట. ఇంతకంటే మంచివాడు దొరకడని ఆ క్షణమే నిశ్చయించుకుందట. వచ్చే నెలే పెళ్ళి.

అసలు సంగతి వాడు నాకొక్కడికే చెప్పాడు. కాఫీ షాపులో ఆమె కుర్చీ వెనక గోడంతా అద్దమట. తొడుగు కదిలిందేమోనని, కూర్చున్నది మొదలు ఆమె లేచేదాకా అందులో తన పళ్ళే చూసుకున్నాడట. ఆమె ముఖం సరిగ్గా చూసింది బస్టాపులో, ఆమె మచ్చ మాట ఎత్తాకే.

ఫిల్టర్ వరమంటే నన్ను వెక్కిరించేవాళ్ళు ఇప్పుడు చెప్పండి. ఎవరి ముఖం వాళ్ళు చూసుకోవడంలో మునిగిపోయాక, ఎదుటివాళ్ళ మచ్చలు ఎవరికి కనపడతాయి? ముందు ఎదుటివాళ్ళు కనపడాలి కదా.